వ్యానత్తకి ఎన్నేళ్లు

లిఫ్టు మెకానిక్కి ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, ఎనిమిదేళ్లది. ముందు నోరు పుట్టి ఆ తర్వాత ఇది పుట్టిందని వాళ్లమ్మ అనేది. ముద్ద నోట్లో ఉన్నా సరే, "ఎందుకు?", "అయితే?", "మరి నిన్న నువ్వలా అనలేదుగా?" అంటూ అడ్డం పడేది. అందుకే తండ్రి దానికి వకీలమ్మ అని పేరు పెట్టాడు. రెండోవాడికి ఐదేళ్లు. గుండ్రంగా, నున్నగా ఉండేవాడు. వాణ్ణి ఇంట్లోనూ వీధిలోనూ కూడా బుడంకాయ అనే పిలిచేవాళ్లు. అక్క వాదన పెట్టుకుంటే తమ్ముడు తీర్పు చెప్పేవాడు. ఎవరి మీద ఏ గొడవొచ్చినా వాడి తీర్పు మాత్రం ఒకటే: "అక్కదే తప్పు!"

పిల్లలిద్దరూ బడి వ్యానులో వెళ్లొచ్చేవాళ్లు. ఆ వ్యాను నడిపేది ఒక ఆడమనిషి. మొగుడు పోయాక అతను నడిపిన బండే తనూ నడపడం నేర్చుకుని, పదేళ్లుగా ఆ చక్రం మీదే బతుకుతోంది. పిల్లలు లేరు. ఎవరు మలుపు దగ్గర వాంతి చేసుకుంటారో, ఎవరు దిగేటప్పుడు సంచి మర్చిపోతారో, ఎవరికి కిటికీ పక్కన చోటివ్వకపోతే ఆకాశం విరిగి మీద పడుతుందో ఆమెకి కంఠతా వచ్చు. పిల్లలంతా ఆమెని వ్యానత్త అనేవాళ్లు. మెకానిక్ ఆమెని "అక్కా" అనేవాడు, ఆమె అతన్ని "తమ్ముడూ" అనేది. జీతాలు ఆలస్యమైన నెల వ్యాను డబ్బులు ఎప్పుడూ అడిగేది కాదు.

వాళ్ల ఇల్లు ఉన్నది మూసుకుపోయిన సందు చివర. వ్యాను తిప్పుకోవడానికి చోటుండదు, వచ్చిన దారినే వెనక్కి తియ్యాలి. దానికొక పద్ధతుంది. వ్యానులో ఒక ఆయా ఉంటుంది. ఆమె దిగి పిల్లల్ని గేటు లోపలికి పంపి, వెనక్కి వెళ్లి చూసి, బండి మీద రెండు దెబ్బలు కొడుతుంది. అప్పుడు గానీ బండి కదలదు. ఆ రోజు ఆయా రాలేదు. బండి వెనక్కి వెళ్లేటప్పుడు కూత పెట్టే పరికరం పాడై చాలా రోజులయింది. బండి యజమానికి వ్యానత్త చెప్పింది. చూద్దాంలే అన్నాడు. పిల్లలిద్దరూ దిగారు. అద్దంలో చూస్తే వకీలమ్మ గేటు దగ్గర కనిపించింది. అక్క ఉందంటే తమ్ముడూ ఉన్నట్టే అనుకుంది. దిగి చూడాలి. దిగలేదు.

ఆ సమయానికి మెకానిక్ ఒక అపార్టుమెంటులో లిఫ్టు గుంతలోకి దిగి, అడుగున చేరిన నీళ్లు తోడుతున్నాడు. జేబులో ఫోను మోగింది. చేతులు మురికిగా ఉన్నాయని తియ్యలేదు. మళ్లీ మోగింది. మళ్లీ మళ్లీ మోగితే, చిరాకు పడుతూ చొక్కాకి చేతులు తుడుచుకుని తీశాడు.

అతను వచ్చేసరికి సందంతా జనం. వ్యానత్త పారిపోలేదు. మట్టిలో చతికిలబడి కూర్చుంది. పోలీసులు వచ్చి బండి ఎవరిదని అడిగితే తనే చెయ్యెత్తింది. "నేనే. దిగి చూడలేదు" అంది. ఆ తర్వాత ఎవరేమడిగినా అదే మాట.

*

కడుపుకోత అంటే ఏమిటో మాటల్లో చెప్పినవాడు లేడు. తల్లి రెడీమేడ్ బట్టల కార్ఖానాలో గుండీలు కుట్టే మిషను మీద పని చేస్తుంది. కొన్నాళ్లు మానేసి మళ్లీ వెళ్లడం మొదలుపెట్టింది. వెళ్లేది, వచ్చేది, వండేది. పెట్టేటప్పుడు నాలుగు పళ్లేలు తీసి, ఒకటి తిరిగి గూట్లో పెట్టేది. మెకానిక్ది వేరే దారి. అతని దుఃఖమంతా కోపంలోకి దిగింది. కోపం కాస్త తేలిక, దాన్ని పట్టుకుని నిలబడొచ్చు.

వ్యానత్తని పట్టుకెళ్లారు, కొన్నాళ్లకి జామీను మీద వదిలారు. ఆ సంగతి మోసుకొచ్చింది అతని బావమరిది.

"బయట తిరుగుతోంది బావా! కూరగాయలు కొంటోందట!"

అరికాలి మంట నెత్తికెక్కింది మెకానిక్కి. "కొననీ. కేసు తేలనీ. జైల్లో పెట్టించకపోతే నా పేరు మార్చుకుంటా" అన్నాడు.

గుమ్మం పక్కన కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్న వకీలమ్మ తలెత్తింది.

ఇప్పుడు దాన్ని బడికి తండ్రే బండి మీద దింపుతున్నాడు. తమ్ముడు పోయాక ఆ పిల్ల నోరు మూతపడిపోయింది. ఏదడిగినా "ఊఁ", "ఊహూఁ" తప్ప ఇంకో మాట లేదు. అలాంటిది, మర్నాడు పొద్దున బండి మీద వెనక నుంచి అడిగింది.

"నాన్నా, జైలంటే ఏంటి?"

కూతురు నోరు విప్పిందన్న సంతోషం ఒకటి, ఆ విప్పడం తన మనసులో మాట మీదే విప్పిందన్న తృప్తి ఒకటి. "తప్పు చేసినవాళ్లని లోపల పెట్టి తాళం వేస్తారమ్మా. అదీ జైలంటే" అన్నాడు.

"కిటికీ ఉంటుందా?"

"ఉంటుందేమో. ఊచలుంటాయి."

"అమ్మ రావచ్చా లోపలికి?"

"ఎవరూ రాకూడదు. ఎప్పుడో ఒకసారి దూరం నుంచి చూసి వెళ్లిపోవాలి." ఇంకా బాగా అర్థం కావాలని ఒక పోలిక కూడా చెప్పాడు. "లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలివాళ్లు ఎలా తలుపులు బాదుతారో చెప్పాను కదా నీకు? పెద్ద పెద్ద మీసాలవాళ్లు కూడా ఏడుస్తారు. అక్కడైతే నేను వెళ్లి తీస్తాను. జైల్లో తియ్యడానికి ఎవరూ రారు."

 బడి దగ్గర దిగుతూ పిల్ల మళ్లీ అడిగింది.

"చిన్నపిల్లలకి వేరే జైలుంటుందా?"

"ఉంటుంది" అన్నాడు వెనక్కి చూడకుండా. వెనక బండివాడెవడో హారను కొడుతున్నాడు.

అప్పుడు వెనక్కి తిరిగి ఆ మొహం చూసి ఉంటే బాగుండేది. చూడలేదు.

ఆ తర్వాత రోజూ ఒక ప్రశ్న వచ్చేది. జైల్లో లైటు ఆర్పేస్తారా? బొంత ఇస్తారా? బాత్రూం తలుపుకి గడియ ఉంటుందా? వ్యానత్త మీద కోపంతో అడుగుతోందనుకున్నాడు తండ్రి. తన రక్తం కదా, తనలాగే పళ్లు కొరుకుతోందనుకున్నాడు. అడిగినదానికల్లా ఉన్నదానికంటే నాలుగు మాటలు ఎక్కువ కలిపి చెప్పాడు. పిల్ల అన్నం తగ్గించింది. తల్లి చూసి, "తమ్ముడి బెంగ" అంది. నిజమే అనుకున్నారు ఇద్దరూ.

*

ఒక సెలవురోజు మధ్యాహ్నం కానిస్టేబులు వచ్చాడు. కోర్టు తేదీ తెలియజేసి తండ్రి సంతకం తీసుకెళ్లాలి, అంతే అతని పని. పెద్దాయన, మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు. తల్లి మంచినీళ్లిచ్చింది. సంతకం అయిపోయింది. వెళ్లబోతూ మర్యాదకి, "పాప ఏదీ?" అని అడిగాడు.

పాప లేదు. మంచం కింద లేదు, బాల్కనీలో లేదు. బాత్రూం తలుపు లోపల గడియ పెట్టుంది.

"వకీలమ్మా!" పలకలేదు. తల్లి తలుపు బాదింది. లోపల చిన్న శబ్దం కూడా లేదు.  మెకానిక్ పనిసంచి తెచ్చి బందుల మరలు విప్పడం మొదలుపెట్టాడు. జీవితంలో ఎన్ని తలుపులు విప్పాడో లెక్కలేదు, ఆ రోజు మాత్రం స్క్రూడ్రైవరు గాడిలో నిలవలేదు. కానిస్టేబులు వచ్చి తలుపుకి భుజం ఆనించి పట్టుకున్నాడు.

తలుపు పక్కకి జరిగింది. పిల్ల బకెట్టు వెనక గోడకి అతుక్కుని కూర్చుంది. బడిసంచి ఒళ్లో ఉంది. సంచిలో ఒక గౌను, ఒక దువ్వెన, బిస్కెట్ల పొట్లం. కానిస్టేబులు బూట్లు చూడగానే కళ్లు గట్టిగా మూసుకుంది.

"నన్ను తీసుకెళ్లడానికొచ్చారా?"

"నిన్నా? నిన్నెందుకమ్మా?" అన్నాడు తండ్రి.

"నేనూ చూడలేదు కదా."

కానిస్టేబులు ఏదో అర్థమైనట్టు, చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ మంచి మనిషి చెయ్యగలిగిన సాయం అదే. తండ్రి తడి నేల మీదే కూర్చున్నాడు. పిల్ల ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చింది.

వ్యాను దిగాక తమ్ముడి చెయ్యి పట్టుకోమని అమ్మ రోజూ చెబుతుంది. ఆ రోజూ పట్టుకుంది. వాడు దారంతా చాక్లెట్టు తిన్నాడు. చెయ్యి జిగటగా ఉంది. "ఛీ" అని వదిలేసింది. తన అరచెయ్యి గౌనుకి తుడుచుకుంటూ గేటు దాకా వచ్చేసింది. వెనక వస్తున్నాడనుకుంది. వాడు చాక్లెట్టు కాగితం ఎగిరిపోతే దాని కోసం బండి వెనక్కి పరిగెత్తాడట.

"వ్యానత్త చూడలేదని జైల్లో పెడతారన్నావుగా. నేనూ చూడలేదు. అత్తకైనా అద్దం ఒక్కటే ఉంది నాన్నా. నాకు రెండు కళ్లూ ఉన్నాయి." ఊపిరి తీసుకుంది. "తమ్ముడుంటే, అక్కదే తప్పు అనేవాడు."

తలుపు దగ్గర నిలబడ్డ తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత లోపలికి వచ్చి, పిల్లని సంచితో సహా ఎత్తుకుని వెళ్లింది. ఎనిమిదేళ్ల పిల్లని ఎత్తుకోవడం మానేసి ఎన్నాళ్లో అయింది. కాళ్లు కిందకి వేలాడుతున్నాయి.

తండ్రి మాత్రం అక్కడే ఉండిపోయాడు. ఇన్నాళ్లూ వ్యానత్త చుట్టూ కడుతున్నాననుకున్న జైలుని, ఇటుక తర్వాత ఇటుక, కూతురి చుట్టూ కట్టాడు.

*

తల్లీ తండ్రీ ఎన్నిసార్లు చెప్పినా పిల్ల నమ్మలేదు. "నీ తప్పేం లేదమ్మా" అంటే, "నువ్వు అమ్మవి కాబట్టి అలా అంటావు" అనేది. "నువ్వు చిన్నదానివి" అంటే, "చిన్నపిల్లలకీ జైలుందని నాన్నే చెప్పాడు" అనేది. దాని వాదన దానికి తిరిగొచ్చింది, కానీ తన మీద తనే వాదించుకోవడానికి వచ్చింది.

అలాంటప్పుడు ప్రొబేషన్ ఆఫీసరు వాళ్లింటికి వచ్చింది. యాభై దాటిన మనిషి, చంకలో గొడుగు, భుజానికి బరువైన సంచి. వ్యానత్త నేరం ఒప్పుకుంది కాబట్టి, జైలు వెయ్యాలా, వెయ్యకుండా వేరే దారి ఏదైనా ఉందా అన్నది చూసి రమ్మని జడ్జిగారు పంపారని చెప్పింది. వాళ్ల మాట కూడా తెలుసుకోవాలంది.

"నా మాట జైలే" అంది తల్లి. వంటింటి గుమ్మంలోంచి, గొంతు పెంచకుండా. "పిల్ల చెయ్యి వదలడం చిన్నతనం. ఆవిడ దిగకపోవడం నిర్లక్ష్యం. రెండూ ఒకటెలా అవుతాయి?"

"ఒకటి కావమ్మా" అంది ఆఫీసరమ్మ. "మీరన్నది రాసుకుంటాను."

మెకానిక్ కూతురి వంక చూశాడు. చివరికి, "నా మాట తర్వాత. ముందు మా పాపకి జైలంటే ఏంటో మీరు చెప్పండి. నేను చెప్పి పాడు చేశాను" అన్నాడు.

ఆఫీసరమ్మ కుర్చీ దిగి చాప మీద పిల్లకి ఎదురుగా కూర్చుంది. మోకాళ్లు పట్టేశాయేమో, "అమ్మో" అనుకుంది. పిల్ల నవ్వలేదు.

"అడుగు" అంది ఆఫీసరమ్మ.

"జైల్లో రోజంతా ఏం చేస్తారు?"

"కొందరు పని చేస్తారు. చాలామంది ఊరికే కూర్చుంటారు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి వాళ్లని లెక్కపెడతారు. మళ్లీ కూర్చుంటారు."

"కూర్చుంటే ఏమవుతుంది?"

"కొందరుంటారు, వాళ్లని బయట ఉంచితే మళ్లీ ఎవరినో కొడతారు, పొడుస్తారు. వాళ్లు లోపలుంటే బయటివాళ్లకి భయం లేకుండా ఉంటుంది. అందుకు జైలు కావాలి. మిగతావాళ్లు కూర్చుంటే ఏమవుతుందో, ఇన్నేళ్లుగా పని చేస్తున్నాను, నాకూ సరిగ్గా తెలీదు."

పెద్దవాళ్లు తెలీదని చెప్పడం పిల్లకి కొత్త. కాస్త ముందుకు జరిగింది.

"వ్యానత్త మళ్లీ చేస్తుందా?"

"నీకేమనిపిస్తోంది?"

"వ్యాను ఇవ్వకపోతే ఎలా చేస్తుంది?"

"అదీ మాట! వ్యాను ఇవ్వకపోవడం ఒక దారి. జన్మలో బండి ముట్టుకోకూడదంటారు. ఎవరికైనా ఉపయోగపడే పని చెయ్యమంటారు, జీతం లేకుండా. చేస్తోందో లేదో నాలాంటిది వెళ్లి చూస్తుంటుంది. చెయ్యకపోతే అప్పుడు జైలు."

"చిన్నపిల్లలు చూడకపోతే?"

ఆఫీసరమ్మ తండ్రి వంక చూసింది, పిల్ల వంక చూసింది. "చిన్నపిల్లలు చూడకపోతే పోలీసులు రారు. జడ్జిగారు పిలవరు. ఏ దేశంలోనూ పిలవరు."

పిల్ల ఆ మాట పూర్తిగా నమ్మిందో లేదో గానీ, సంచి తాడు పట్టుకున్న పిడికిలి కాస్త వదులయింది. "ఊరికే వదిలెయ్యకూడదు కానీ" అంది. "వదిలేస్తే తమ్ముడు ఉత్తినే పోయినట్టు."

"అవును. వదలరు."

"ఎన్నేళ్లు చెయ్యాలి పని?"

"నువ్వైతే ఎన్నేళ్లంటావు?"

వకీలమ్మ ఆలోచించింది. "తమ్ముడికి ఐదేళ్లు. అందుకని ఐదు." వేళ్లు మడిచింది. మళ్లీ విప్పింది. "కానీ వాడుంటే ఆరొచ్చేవి. తర్వాత ఏడు. తర్వాత నా అంత అయ్యేవాడు. తర్వాత..." వేళ్లు అయిపోయాయి. పిల్ల తన చేతుల వంకే చూసుకుంది. "ఇది ఆగదు కదా."

"ఆగదమ్మా" అంది ఆఫీసరమ్మ. "ఎంత వేసినా ఆగదు. అందుకే ఎవరో ఒకరు ఏదో ఒక అంకె దగ్గర ఆపాలి. పాపం, జడ్జిగారి పని అదే."

వంటింట్లో గిన్నె ఏదో గట్టిగా కింద పెట్టిన చప్పుడయింది.

*

కోర్టు హాలు ఇరుగ్గా ఉంది. గోడకి బెంచీలు, పైన పాత ఫ్యాను. వ్యానత్త ఒక మూల నిలబడింది. మెకానిక్ ఆమెని చూడకుండా ఉండాలని ఎంతో ప్రయత్నించాడు. జడ్జిగారు అతన్ని పిలిచి, చెప్పదలుచుకున్నది ఉంటే చెప్పమన్నారు.

నెలల తరబడి మనసులో నూరుకున్న మాటలున్నాయి. నాలుక మీదికి ఒక్కటీ రాలేదు.

"అయ్యా, జైలొద్దని చెప్పడానికి నాకు మనసు రావట్లేదు. జైలు కావాలని చెప్పడానికి నోరు రావట్లేదు" అన్నాడు.  "ఆమె ఇక బండి నడపకూడదు. కొత్తగా డ్రైవర్లయ్యేవాళ్లుంటారు కదా, వాళ్ల ముందు నిలబడి ఏం జరిగిందో తన నోటితో చెప్పాలి. దిగి చూడాలని చెప్పాలి. కూత పాడైందని చెబితే చూద్దాంలే అన్నవాడు ఒకడున్నాడు, వాణ్ణి కూడా పిలవండి. అంతే. ఇంక నాకు తెలీదు."

యజమాని మీద వేరే కేసు పెట్టారు, వ్యాన్ల అనుమతి పోయింది. వ్యానత్తకి జడ్జిగారు జైలు శిక్ష ఖరారు చేసి, దాన్ని అమలు కాకుండా ఆపి ఉంచారు. మూడేళ్లు ఆఫీసరమ్మ కనుసన్నల్లో ఉండాలి. లైసెన్సు రద్దు. వారానికి రెండు రోజులు పెద్దాసుపత్రిలో, ఎముకలు విరిగిన పిల్లలుండే వార్డులో చాకిరీ చెయ్యాలి. కొత్త డ్రైవర్ల శిక్షణలో మాట్లాడాలి. ఏ ఒక్కటి తప్పినా జైలే.

ఇంటికొచ్చాక తల్లి అన్న మాట అతనికి బతికున్నన్నాళ్లూ గుర్తుంటుంది.

"మీరు కూతురి తరఫున చెప్పొచ్చారు. నా కొడుకు తరఫున ఎవరు చెప్పారు?"

 ఆమె అన్నదీ నిజమే. ఆ రోజు నుంచి ఆమె అతనితో మాట్లాడటం మానేసింది. వండి గిన్నెల మీద మూతలు పెట్టేది, కూతురికి తినిపించేది, ఎప్పుడో ఒంటరిగా తనింత తినేది. బావమరిది రావడం మానేశాడు. వీధిలో ఒకళ్లిద్దరు అతన్ని చూసి మాటలాపేసేవాళ్లు. డబ్బు పుచ్చుకున్నాడని ఎవరో అన్నారని కూడా తెలిసింది. పుండు మీద కారం అంటే అదే. అయినా ఎవరినీ నిలదియ్యలేదు. పనికి వెళ్లాడు, వచ్చాడు.

*

పిల్ల మాత్రం ఇంకా సరిగ్గా తినట్లేదు. ఒక రోజు, "వ్యానత్తని ఒకటి అడగాలి" అంది. తండ్రి ఆఫీసరమ్మకి ఫోను చేశాడు. ఆవిడ తొందరపడలేదు. పిల్లతో విడిగా రెండుసార్లు మాట్లాడింది, ఆ తర్వాతే సరేనంది. తల్లి రానంది. వద్దని మాత్రం అనలేదు. పిల్లకి జడ వేసి పంపింది.

ఆఫీసరమ్మ గది చిన్నది. నాలుగు కుర్చీలు, ఒక బల్ల, మంచినీళ్ల సీసా. వ్యానత్త ముందే వచ్చి కూర్చుంది. వాళ్లని చూడగానే లేచి నిలబడింది. జుట్టు సగం నెరిసిపోయింది.

"కూర్చోండయ్యా" అంది అతనితో.

ఇన్నేళ్లూ తమ్ముడూ అని పిలిచిన మనిషి. ఆ 'అయ్యా' అతనికి ఎక్కడో గుచ్చుకుంది. తమ్ముడూ అని పిలిచి ఉంటే భరించలేకపోయేవాడేమో, అదీ నిజమే.

పిల్ల తండ్రి కుర్చీకి ఆనుకుని నిలబడింది. అక్కడి నుంచే అడిగింది.

"తమ్ముడు ఏడ్చాడా?"

వ్యానత్త కుర్చీ అంచు పట్టుకుంది. ఆఫీసరమ్మ వంక చూడలేదు, తండ్రి వంక చూడలేదు. పిల్ల కళ్లలోకే చూసింది. "లేదమ్మా. నేను దిగి వచ్చేసరికే... ఏడవలేదు. పిలవను కూడా పిలవలేదు. నీకు అబద్ధం చెప్పను."

తండ్రి తల వంచుకున్నాడు. ఆ ప్రశ్న అడగడానికి తనకి ధైర్యం చాలలేదు. ఎవరినీ అడగలేదు ఇన్నాళ్లూ.

"నేను వాడి చెయ్యి వదిలేశాను" అంది పిల్ల. "జిగటగా ఉందని. నువ్వు చూశావా?"

"చూళ్లేదు."

"నేను వదలకపోతే..."

"ఆగమ్మా." ఆమె గొంతులో పాత వ్యానత్త ఒక్కసారి తిరిగొచ్చింది. ఇరవైమంది పిల్లల అల్లరిని ఒక్క మాటతో అణిచే గొంతు. "విను. పిల్లల్ని గేటు దాటించడం ఎవరి పని?"

"ఆయాది."

"ఆయా రాకపోతే?"

పిల్ల ఆమె వంక చూసింది.

"నాది. దానికి నాకు జీతమిచ్చేవాళ్లు. నీకిచ్చేవాళ్లా? పిల్లలన్నాక చేతులు వదులుతారు. పరిగెడతారు, కాగితాల వెంట పడతారు. అందుకే కదా పెద్దవాళ్లని పెట్టేది. నువ్వు పట్టుకున్నా వదిలినా దిగి చూడాల్సింది నేను. ఆ తప్పు నాది. అందులో నీకు వాటా లేదు. ఇంతైనా లేదు. దాన్ని నా దగ్గర్నుంచి తీసుకోకు."

వకీలమ్మ ఆమె మొహాన్ని పట్టి పట్టి చూసింది. ఎక్కడైనా సందు దొరుకుతుందేమో, ఎదురు ప్రశ్న వెయ్యొచ్చేమో అని వెతికినట్టు చూసింది. దొరకలేదు. అమ్మ చెబితే అమ్మ కాబట్టి చెప్పింది, నాన్న చెబితే నాన్న కాబట్టి. ఈమెకి ఆ మాట చెప్పడం వల్ల వచ్చే లాభమేమీ లేదు.

"సరే" అంది. ఒక్క మాట. అని తండ్రి చంకలో మొహం దాచుకుని, తమ్ముడు పోయాక మొదటిసారి బావురుమంది. మెకానిక్ పిల్ల వీపు నిమురుతూ వ్యానత్త వంక చూశాడు. ఆమె గోడకేసి తిరిగిపోయింది, భుజాలు కదులుతున్నాయి. ఈ మనిషిని ఊచల వెనక పెట్టించి ఉంటే తన కూతురికి ఈ మాట చెప్పేవాళ్లు ఎవరూ ఉండేవాళ్లు కాదని అప్పుడనిపించింది. అనిపించినంత మాత్రాన కడుపులో మంట చల్లారలేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. వెళ్లొస్తానని ఆమెకి చెప్పలేదు. తలుపు దగ్గర ఒక క్షణం ఆగాడు, అంతే.

*

పిల్ల మళ్లీ తినడం మొదలుపెట్టింది. బళ్లో ఎవరితోనో గొడవపడి టీచరు చేత చీవాట్లు కూడా తింది. ఆ చీవాట్ల సంగతి విని తండ్రి లోలోపల సంతోషపడ్డాడు. కానీ ఇదివరకటి వకీలమ్మ కాదు. సందులో బండి శబ్దం వినిపిస్తే మాట మధ్యలో ఆపేసేది. అది శాశ్వతమేమో కూడా.

ఆ రోజు వ్యానత్త ఏం చెప్పిందో పిల్లే తల్లికి పూస గుచ్చినట్టు చెప్పింది. తల్లి అంతా విని, లేచి బట్టలు మడతపెట్టుకుంది. 

తర్వాత కొన్ని వారాలకి ఒక మధ్యాహ్నం, కార్ఖానాకి సెలవు పెట్టి, ఎక్కడికో చెప్పకుండా బయల్దేరింది. మెకానిక్ ఇంట్లోనే ఉన్నాడు. అడగలేదు. ఎక్కడికో అతనికి తెలుసు. పొద్దు వాలుతుండగా తిరిగొచ్చింది. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. అలా కూర్చుని ఎన్నాళ్లయిందో.

"పక్కల మీద దుప్పట్లు మారుస్తోంది" అంది. "వార్డంతా పిల్లలే. కాళ్లకి కట్లు. ఒకడు, మనవాడి ఈడే ఉంటాడు, కదలకుండా పడుకోరా అంటే వినట్లేదు. వాడి పక్కన కూర్చుని కాలు పట్టుకుంది."

అతను వింటున్నాడు.

"వాడు ఆవిణ్ణి అత్తా అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి ఆ పిల్లాడి తల్లికి చెప్పేద్దామనుకున్నాను, ఈవిడెవరో. గుమ్మం దాకా వెళ్లాను." ఆగింది. "చెప్పలేదు. ఆవిడ నన్ను చూసింది. దుప్పటి చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయింది. నేను వచ్చేశాను."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"నేను క్షమించలేదు" అంది ఆమె. "ఎప్పటికైనా క్షమిస్తానని కూడా అనుకోవట్లేదు. మీరు కూడా నా ముందు క్షమించినట్టు నటించకండి."

"క్షమించలేదే" అన్నాడు అతను. "నాకూ చేతకాలేదు."

ఆమె తల ఆడించింది. అదొక్కటే తెలుసుకోవాలని ఇన్నాళ్లూ ఆగినట్టు ఆడించింది. లోపలి గదిలో కూతురు ఎక్కాలు గట్టిగా చదువుతోంది. ఎక్కడో తప్పింది, తనే తిట్టుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఇద్దరూ అది వింటూ, ఒకరి వంక ఒకరు చూసుకోకుండా, చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నారు. తర్వాత ఆమె లేచి లైటు వేసింది. అతను పళ్లేలు తీశాడు.